గాజు పెంకుల మీద చెక్క చెప్పులు

జపాన్ సారు భార్య దేశం విడిచి వెళ్ళిపోయే రోజు పొద్దున, గుమ్మం దగ్గర ఆమె చెక్కచెప్పు పట్టీ పుటుక్కున తెగిపోయింది.

సౌదీలోని అల్ ఖోబర్‌లో, అల్ అజీజియా వైపు, సముద్రానికి దగ్గరగా చుట్టూ గోడ కట్టిన విల్లాల కాంపౌండ్ అది. నేను అక్కడ మెయింటెనెన్స్‌లో వడ్రంగిని. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకున్న తర్వాత వచ్చిన చలికాలం. యుద్ధం తప్పదని అందరికీ అర్థమైపోయింది. కాంపౌండ్‌లోని ఆడవాళ్ళు, పిల్లలు ఒక్కో కుటుంబంగా ఖాళీ చేసి వెళ్ళిపోతుంటే, నేను విల్లాల కిటికీ అద్దాలకు అడ్డంగా టేపులు అంటిస్తూ తిరుగుతున్నాను. ఆ పొద్దున సారు ఇంటి వంతు వచ్చింది.

విమానానికి వేసుకోవలసిన బూట్లు ఆమె పక్కనే సిద్ధంగా ఉన్నాయి. పెరట్లో మొక్కలకు ఆఖరుసారి నీళ్ళు పోసి వద్దామని చెక్కచెప్పుల్లో కాళ్ళు పెట్టింది. వాటిని వాళ్ళు గెటా అంటారు. మన సాధువులు తొడుక్కునే పాంకోళ్ళ లాంటివే. కాకపోతే వేళ్ళతో పట్టుకోవడానికి గుబ్బ ఉండదు, బొటనవేలి సందులోంచి రెండు పక్కలకీ గుడ్డపట్టీ సాగుతుంది. అడుగున అడ్డంగా రెండు చెక్క పళ్ళు. పట్టీ తెగగానే ఆమె ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయింది. ముఖం పాలిపోయింది.

సారు ఏదో నచ్చజెప్పబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బయట కారులో కాచుకుని ఉన్న డ్రైవరు ఆలస్యమవుతోందని లోపలికి వచ్చాడు. అతనిది కడప వైపు. నా గదిలోనే ఉండేవాడు. నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి, అతను నన్ను అన్నా అనేవాడు. సారుతో తిరిగి తిరిగి ఆయన ముక్కల ఇంగ్లీషు అతనికి బాగా పట్టుబడింది. సారు చెప్పింది విని నా వైపు తిరిగాడు.

"వాళ్ళ దేశంలో ఈ పట్టీ తెగితే చెడు శకునమంట అన్నా. ఆయమ్మ ఇంక గడప దాటనంటాంది."

"మనం తుమ్మితే ఆగుతం గద, గట్లనే," అన్నాను. "జర ఆగుమను. కట్టిస్త."

"కట్టనీకి ఏముంది నీ కాడ?"

నా దగ్గర టేపు తప్ప ఏమీ లేదు. భాయ్ తన భుజం మీది నూలు తువ్వాలు తీసి అంచు నుంచి ఒక పేలిక చింపి ఇచ్చాడు. దాన్ని పేని, ముందు రంధ్రంలోంచి దూర్చి, అడుగున ముడివేసి బిగించాను. ఆమె కాలు పెట్టి చూసుకుంది. తర్వాత మా ఇద్దరి వైపూ నడుము వంచి చాలాసేపు అలాగే ఉంది. ఏం చేయాలో తోచక మేమూ వంగాం. ఆమె పెరట్లోకి వెళ్ళి నీళ్ళు పోసి, బూట్లు వేసుకుని, కారెక్కింది. మళ్ళీ ఆ ఇంటికి ఆమె రాలేదు.

ఆ చెప్పులతో నాకు పరిచయం అంతకుముందే ఉంది. సారు ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటులో ఇంజనీరు. యాభై దాటిన మనిషి. ప్లాంటు నుంచి రాగానే బూట్లు విప్పేసి గెటా వేసుకుని పెరట్లో తిరిగేవాడు. సిమెంటు బాట మీద ఆ చప్పుడు గోడ అవతలి మా షెడ్డుకు వినిపించేది. ఒకసారి ఆయన జతలో ఒక పన్ను వదులైతే నన్ను పిలిపించాడు. చేతిలోకి తీసుకుని ఆశ్చర్యపోయాను. బూరుగు చెక్కకన్నా తేలికగా ఉంది. వాళ్ళ ఊళ్ళో ఆడపిల్ల పుడితే ఈ చెట్టు నాటేవాళ్ళనీ, పెళ్ళినాటికి కొట్టి పెట్టెలు చేయించేవాళ్ళనీ చెప్పాడు. కుడిది ఏది, ఎడమది ఏది అని అడిగాను. ఆయన నవ్వాడు. తేడా లేదట. ఒక పక్క అరిగితే మార్చి తొడుక్కోవడమేనట. ఆయన నన్ను పేరుతో కాక 'నజ్జార్' అని పిలిచేవాడు. అరబ్బీలో వడ్రంగి అని.

ఆ ఇంటి హాల్లో గోడ మీద రెండు పాత బొమ్మలుండేవి. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దినవట. మొదటిదానిలో మంచు కురుస్తోంది. ఒక ఆడమనిషి గొడుగు పట్టుకుని గోడకు చేయి ఆనించి ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఇంకో ఆడమనిషి కింద కూర్చుని, ఎత్తైన గెటా పళ్ళ మధ్య ఇరుక్కున్న మంచును పుల్లతో గీకి తీస్తోంది. రెండోదానిలో వాన. జనం తలలు వంచుకుని వంతెన మీద పరిగెత్తుతున్నారు. ముఖాలు కనబడవు. గొడుగులు, పిక్కలు, బురదలో దిగబడిన చెక్క పళ్ళు, అంతే. మంచు నేను చూడలేదు. అయినా మొదటి బొమ్మ ముందు నిలబడితే నా కాళ్ళే జివ్వుమనేవి. మా తాత ఊరి గుడికి రథచక్రాలు చేసిన మనిషి. చెక్కతో బండి చేస్తాం, తలుపు చేస్తాం, బొమ్మ చేస్తాం. ఆ బొమ్మను కాగితం మీదికి దింపవచ్చని, అందులో వాన కురిపించవచ్చని ఆ హాల్లోనే తెలిసింది.

భార్య వెళ్ళిపోయాక సారు ఇంట్లో ఒంటరివాడయ్యాడు. సైరన్ రిహార్సల్స్ మొదలయ్యాయి. ఒక సాయంత్రం నేనూ భాయ్ వెనక కిటికీలకు ప్లైవుడ్ కొడుతుంటే, ఆయన టీ చేసి పెరటి మెట్ల మీద పెట్టి మమ్మల్ని కూర్చోమన్నాడు. సైరన్ ఊళ ఆగాక చాలాసేపు మాట్లాడాడు. భాయ్ మధ్య మధ్య ఆపి నాకు చెప్పేవాడు.

సారు చిన్నతనంలో వాళ్ళ దేశం మీద బాంబులు పడ్డాయి. తోలు, రబ్బరు అంతా సైన్యానికే. ఊరు ఊరంతా చెక్క మీదే నడిచేది. ఒక దాడిలో వాళ్ళ వీధికి నిప్పంటుకుంది. వీధి జనమంతా ఒక్కసారి గెటాలతో పరిగెత్తారు. ఆ చప్పుడు ఎలా ఉంటుందో చెప్పడానికి ఆయన అరచేతులతో మెట్టు మీద కొట్టి చూపించబోయి ఆగిపోయాడు.

"పరిగెత్తుతా ఉంటే ఈయన పట్టీ తెగిందంట," అన్నాడు భాయ్. "వాళ్ళమ్మ కాలవ పక్కన కూసోబెట్టి, తన నడుముకు కట్టుకున్న గుడ్డ చింపి కట్టిందంట. ముందు పోయినోళ్ళంతా వంతెన ఎక్కినారు. మంట వంతెన మిందికి వచ్చింది. వాళ్ళు మళ్ళా రాలేదంట."

నేను సారు వైపు చూశాను. ఆయన తన గెటా పట్టీని వేలితో సవరిస్తున్నాడు.

"అయితే పట్టీ తెగుడు మంచి శకునమే గద. గా మాట మేడమ్‌కు చెప్పకపోయిన్రా?" అన్నాను.

భాయ్ అడిగాడు. సారు జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "వంతెన మీదికి వెళ్ళినవాళ్ళలో నా స్నేహితుడున్నాడు. వాడి పట్టీ తెగలేదు. దాన్ని మంచి అని నేనెలా అనగలను?"

మేం టీ తాగేసి మళ్ళీ ప్లైవుడ్ కొట్టుకున్నాం. ఆ చెక్క పెరటి వైపు కిటికీలతోనే అయిపోయింది. సముద్రం వైపు గోడంత ఉన్న పెద్ద జరుగుడు గాజు తలుపుకు టేపే మిగిలింది.

యుద్ధం మొదలైన వారంలోనే జపాన్ వాళ్ళందరినీ బస్సుల్లో జెద్దా పంపారు. సారు ఇంటి తాళాలు మాకిచ్చాడు. తన గ్యాస్ మాస్కు కూడా ఇవ్వబోతే, దారిలో అవసరమవుతుందని మేమే తిరిగి ఆయన సంచిలో పెట్టాం. మాకు మాస్కులు లేవు. పోదామన్నా పాస్‌పోర్టులు మమ్మల్ని పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్ దగ్గర ఉన్నాయి. ఆయన మనిషి వచ్చి పనివాళ్ళుండే క్యాంపులో చెప్పిన మాట ఒక్కటే. ఇళ్ళు పాడుపడకుండా చూసుకోవాలి, ఎవరూ కదలకూడదు. క్యాంపు రేకుల షెడ్డు కన్నా గోడలున్న ఇల్లు నయమని భాయ్, నేను సారు విల్లాలోనే పడుకోవడం మొదలుపెట్టాం. వంటింటి పక్క సామాన్ల గదిలో.

మొదట్లో ఇరాక్ స్కడ్ క్షిపణులు వస్తున్నాయని సైరన్ మోగితే తడి తువ్వాళ్ళు ముక్కుకు కట్టుకుని మంచం కింద దూరేవాళ్ళం. భాయ్ దువా చదివేవాడు. నేను మా ఊరి ఎల్లమ్మ తల్లిని తలచుకునేవాణ్ణి. ఊరికి ఫోను కలిస్తే ఇద్దరం అబద్ధాలు చెప్పేవాళ్ళం. "ఈడ ఏం లేదే, యుద్ధం యాడో దూరంగా జరుగుతాంది," అని అతను భార్యకు చెబుతుంటే బూత్ బయట నిలబడి వినేవాణ్ణి. తర్వాత నా వంతు వచ్చినప్పుడు నేనూ అదే మాట చెప్పేవాణ్ణి. పోను పోను సైరన్ మోగినా లేవడం మానేశాం. భయం తగ్గి కాదు. ఒళ్ళు అలిసిపోయింది.

ఆ రోజు పొద్దుగూకాక, మగ్రిబ్ నమాజు వేళ. భాయ్ కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, తడి కాళ్ళతో వచ్చి హాల్లో జానమాజు చాప పరిచాడు. నేను గుమ్మం దగ్గర చెప్పుల అర తలుపు వదులైతే బిగిస్తున్నాను. సారు ఇంట్లోకి చెప్పులతో వెళ్ళేవాళ్ళం కాదు. నా రబ్బరు చెప్పులు బయట మెట్టు మీద ఉన్నాయి. సైరన్ మోగింది. భాయ్ నమాజు ఆపలేదు. కాసేపటికి ఆకాశంలో ఏదో చిరిగినట్టయింది. ఆ వెంటనే వచ్చిన శబ్దాన్ని చెవులతో విన్నానని చెప్పలేను. ఛాతీలో తగిలింది. నేను గోడకు కొట్టుకుని కింద పడ్డాను.

లేచేసరికి ఇల్లంతా దుమ్ము. సముద్రం గాలి తిన్నగా ముఖానికి కొడుతోంది. ఆ పెద్ద తలుపు లేదు. హాల్లో నేల కనబడటం లేదు, అంతా గాజే. దాని మధ్యలో భాయ్ నిలబడి, చేతులు చాచి, గుడ్డివాడిలా అడుగు వేస్తున్నాడు.

"భాయ్, కదలకు! ఆడనే ఉండు!" అని అరిచాను.

అతనికి వినబడలేదు. ఇంకో అడుగు వేశాడు, కుడికాలు. కేక పెట్టి కూలబడ్డాడు.

నా కాళ్ళ దగ్గర అరలోంచి జారిపడిన సారు గెటాలున్నాయి. ఆలోచించి తొడుక్కున్నది కాదు. కాళ్ళు వాటిలో దూరిపోయాయి. అంతకుముందు వాటిని చేత్తో పట్టుకోవడమే తప్ప ఎక్కి నడిచింది లేదు. పరిగెత్తబోతే ముందుకు తూలాను. అప్పుడు మెల్లగా, కాలు నిటారుగా ఎత్తి నిటారుగా దించుతూ పోయాను. చెక్క పళ్ళ కింద గాజు నలిగి కరకరమంటోంది. నా పాదం ఆ పైన, రెండు వేళ్ళ ఎత్తులో ఉంది. అతన్ని వీపు మీదికి ఎక్కించుకుని అలాగే వెనక్కి వచ్చాను. అతని కాలి నెత్తురు నా లుంగీ మీదుగా చెప్పుల మీదికి కారుతోంది.

"అన్నా, నా కాలు ఉందా? సూడన్నా, కాలు ఉందా?" అని నా చెవిలో అదే పనిగా అడుగుతున్నాడు.

"ఉన్నది భాయ్, ఉన్నది. గట్టిగ పట్టుకో," అన్నాను.

గేటు బయట నీళ్ళ ట్యాంకరు ఆపుకుని ఒక పాకిస్తానీ డ్రైవరు రోడ్డు పక్కన బోర్లా పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, "జల్దీ బైఠో," అని తలుపు తీశాడు. క్లినిక్‌లో నన్ను లోపలికి రానివ్వలేదు. బయట బెంచీ మీద కూర్చున్నాక ఒక నర్సు నా కాళ్ళ వైపు చూసి ఏదో అంది. కిందికి చూసుకుంటే ఇంకా సారు గెటాలే ఉన్నాయి. తీయబోతే నా వేళ్ళు పట్టీని వదలడం లేదు.

మరునాడు డాక్టరు చెప్పాడు. పాదం బతికింది, కానీ వేళ్ళను వంచే నరాలు తెగాయి. అవి మళ్ళీ పట్టు పట్టవు.

యుద్ధం ఆగిందని రేడియోలో విన్న రోజు మాకు సంతోషమనిపించలేదు. కువైట్‌లో నూనె బావులు తగలబడుతున్నాయి. ఆ పొగ దక్షిణానికి వచ్చి మధ్యాహ్నాలు మసకబారేవి. ఆరేసిన బట్టల మీద మసి పడేది. సముద్రం ఒడ్డుకు వెళితే అరికాళ్ళకు తారు అంటుకునేది. భాయ్ సామాన్ల గదిలోనే కట్టుకాలితో పడుకుని ఉండేవాడు. కట్టు విప్పాక నడక మొదలుపెట్టాడు కానీ రబ్బరు చెప్పు నిలిచేది కాదు, జారి వెనక్కి పడిపోయేది. బూటు వేస్తే పుండు ఒరుసుకునేది. వజూ చేసే చోట తడిలో జారి ఒకసారి పడ్డాడు. లేపబోతే చేయి విదిలించుకున్నాడు.

"ఇంజను లేని బండినైపోయినానన్నా. నన్ను లేపొద్దు," అన్నాడు.

నేను ఒక సామాన్ల పెట్టె పలక కోసి, సారు గెటాలను ఎదురుగా పెట్టుకుని భాయ్ కొలతకు ఒక జత చేశాను. రంద పట్టి నున్నగా చేసి, మెత్తటి గుడ్డపట్టీ వేశాను. కాలు పెట్టి ఒక అడుగు వేశాడు. కుడిది ఎగిరి గోడకు తగిలింది. నాకు ఆ సంగతి ముందే తట్టాల్సింది. గెటాను పట్టి ఉంచేది వేళ్ళే. అతనికి లేనిది అదే. అతను మొదట నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

వారం పోయాక ఆ జతను సంచిలో వేసుకుని, ఏదైనా దారి దొరుకుతుందేమోనని భాయ్ నమాజుకు వెళ్ళే మసీదు దాకా అతనితో పోయాను. బయట మెట్ల మీద కూర్చుని వాటిని తిప్పి చూస్తుంటే, మసీదు ఊడ్చే ముసలి సౌదీ ఆయన దగ్గరికొచ్చి ఒకటి అందుకున్నాడు. ఆయన ముఖం వెలిగింది.

"ఖబ్‌ఖాబ్!" అన్నాడు.

భాయ్ వచ్చి మాట్లాడితే తెలిసింది. ఆయన చిన్నప్పుడు మక్కా వైపు వజూ చేసే చోట చెక్కచెప్పులు పెట్టి ఉంచేవాళ్ళట. వాటి చప్పుడే వాటి పేరట. అయితే వాటికి వేళ్ళ సందు పట్టీ ఉండదు. ఆయన తన అరచేతిని పాదం మీద అడ్డంగా పెట్టి చూపించాడు. పక్క నుంచి పక్కకు వెడల్పాటి తోలు. అంతే.

ఆ రోజే పాత టైరు ట్యూబు కోసి అడ్డపట్టీ కొట్టాను. పళ్ళ ఎత్తు తగ్గించాను. భాయ్ తొడుక్కుని గోడ పట్టుకుని లేచాడు. తర్వాత గోడ వదిలాడు. ఊడలేదు. పెరటి బాట మీద ఆ చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. "బరువుగా ఉండాదన్నా," అన్నాడు. అదే అతని మెప్పు. ఆ తర్వాత వాటితోనే మసీదుకు పోయేవాడు.

నడవగలిగాడు కానీ బండి నడపలేకపోయాడు. బ్రేకు మీద కాలు పెడితే తొక్కిందీ లేనిదీ అతనికి తెలిసేది కాదు. కఫీల్ మనిషి వచ్చి చూసి, బండి నడపలేని డ్రైవరు ఎందుకని ఖురూజ్ కొట్టించి పంపించేస్తామన్నాడు. అంటే మళ్ళీ రావడానికి ఉండదు.

ఎండలు ముదిరాక సారు తిరిగొచ్చాడు. భార్య రాలేదు. ఆమెకు నిద్ర పట్టడం లేదని, ఫోను చేసినప్పుడల్లా ఆ ఇల్లు వదిలి వచ్చెయ్యమంటోందని చెప్పాడు. గుమ్మం దగ్గర నేను ఆయన గెటాలు కడిగి పెట్టి ఉంచాను. ఎంత కడిగినా మరక పోలేదు. ఆ చెక్క నెత్తురును లోపలికి తాగేసింది. సారు వాటిని తిరగేశాడు. పళ్ళ అంచుల్లో గాజు ముక్కలు దిగబడి మెరుస్తున్నాయి.

"రంద పట్టి తీసేస్త సార్," అన్నాను.

ఆయన వద్దని చెయ్యి ఊపాడు. భాయ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చుని, అతని కుడిపాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. భాయ్ సిగ్గుపడి లాక్కోబోయాడు. సారు వదల్లేదు. కుట్ల గీతను బొటనవేలితో తడుముతూ మెల్లగా ఒక మాట అన్నాడు.

"ఏమంటుండు?" అని అడిగాను.

భాయ్ తన పాదం వైపే చూస్తూ చెప్పాడు. "నేను పోకుండా ఉండాల్సింది అంటాండాడన్నా."

"ఉండి ఏం చేస్తుండె? ఆయనకు సుత గుచ్చుకుంటుండె. గా మాట చెప్పు."

అతను చెప్పాడో లేదో నాకు తెలియదు.

సారు కఫీల్ ఆఫీసుకు వెళ్ళి గట్టిగానే మాట్లాడాడు. దాంతో భాయ్‌ను గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కాంట్రాక్టు ఉన్నంత కాలం అతని ఉద్యోగం నిలిచింది. కాంట్రాక్టు అయిపోగానే జపాన్ వాళ్ళు విల్లాలు ఖాళీ చేశారు. సారు ఆ రెండు బొమ్మలనూ గుడ్డలో చుట్టుకున్నాడు. గాజు దిగిన గెటాలను ఉన్నవి ఉన్నట్టే పాత పేపర్లో చుట్టి తన చేతి సంచిలో పెట్టుకున్నాడు. మేం కారు దాకా వెళ్ళాం. ఆయన వంగాడు. ఈసారి మేమూ వెంటనే వంగాం.

భాయ్ ఖురూజ్ మీద కడప పోయాడు. నన్ను ఉత్తరాన ఉన్న హాయిల్ పంపారు. గోధుమ పొలాల మధ్య షెడ్లకు తలుపులు, దర్వాజాలు చేసే పని. అక్కడ సముద్రం లేదు, సైరన్లు లేవు. అయినా నీళ్ళ పంపు ఇంజను ఒక్కసారి టపామంటే ఉలి చేతిలోంచి జారిపోయేది. తోటి పనివాళ్ళు నవ్వేవాళ్ళు. మొదట్లో వాళ్ళకు సంగతంతా చెప్పాలనుకునేవాణ్ణి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచేది కాదు.

కొన్నేళ్ళకు వాళ్ళ ఊళ్ళో టెలిఫోన్ బూత్ నుంచి భాయ్ నాకు ఫోను చేశాడు. బండ్లకు సీటు కవర్లు కుట్టే దుకాణం పెట్టుకున్నాడట. కుట్టుమిషనును ఎడమకాలితో తొక్కడం నేర్చుకున్నాడట. కూతురు బడికి పోతోందట. ఆ మాటలన్నీ అయ్యాక నేను అడిగాను.

"ఇంక భయమైతుందా భాయ్?"

"పెండ్లిండ్లలో టపాసులు కాలిస్తే లోపలికి పోయి కూసుంటాన్నా," అన్నాడు. "పాప వచ్చి అయిపోయిందబ్బా అని చెప్తేనే బయటికి వస్తా. నీకు?"

"నాకు చెప్పేటోళ్ళు లేరు," అన్నాను.

"అట్లయితే నాకు ఫోన్ చెయ్యన్నా. అయిపోయిందని నేను చెప్తా."

ఆ శుక్రవారం నేను చేశాను. అతను చెప్పాడు.